ఇరవై ఏడో ముక్క దగ్గర ఆగిన తీగ

తెగిన గీత వేయడం నాకు చేతకాదు. చేతకాదంటే రాక కాదు. మా ఇంట్లో అది తప్పు.

మాది శ్రీకాళహస్తి. మా తాత, మా నాయన, నేను, ముగ్గురం వెదురు కలంతో బట్ట మీద దేవుళ్ళను గీసినవాళ్ళం. ఇనుప తుప్పూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళలో కలం ముంచి, కరక్కాయ పట్టించిన బట్ట మీద పెడితే గీత నల్లగా పడుతుంది. పడింది పోదు. అందుకని చెయ్యి ఎత్తకూడదు. స్వామి భుజం దగ్గర మొదలుపెడితే వేలి కొస దాకా ఒకటే గీత. మధ్యలో తెగిందా, మా నాయన ఆ బట్టను అక్కడికక్కడే చింపి వంటింట్లోకి మసిగుడ్డకు ఇచ్చేసేవాడు. నావి పదకొండు చింపినాడు. ఏయే బట్టలో నాకు ఇప్పటికీ గుర్తే.

అట్లాంటి చెయ్యిని తీసుకుపోయి కోతి మెదడు ముందర పెట్టినారు. నా కష్టం అక్కడ మొదలైంది.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ. పేరు రాయను. రాస్తే గౌరవించినట్టు అవుతుంది. అక్కడ మేడ మీద గదిలో డాక్టర్ సువార్త గారు పనిచేసేవారు. కావలి మనిషి. కన్ను చూస్తుందని మనం అనుకుంటాం గానీ, చూసేది తల వెనక భాగంలో ఉండే మెదడు. ఆ భాగంలో నరాల కణాలు ఒకదానికొకటి ఏ తీగలతో కలుస్తాయో కోతి మెదడు కోసి తెలుసుకోవడం ఆమె పని. ముప్పై ఏళ్ళుగా అదే పని.

ఒక ఎగ్జిబిషన్లో నేను బట్ట గీస్తుంటే వెనక నిలబడి గంటసేపు చూసినారు.

"ఇంతకన్నా సన్నగా గీయగలవా?" అని అడిగినారు.

"ఎంత సన్నం కావాలో చూపించండి," అన్నాను.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. భయం మాత్రం లేదు. వారం తిరిగేసరికి రోజుకూలి మీద ఆమె గదిలో చేరినాను.

చేరినాక మూడు నెలలు నా చేతికి కలం ఇవ్వలేదు ఆమె.

కింద కోతల గదిలో యాదగిరి అని ఒకాయన ఉండేవాడు. జంతువుల షెడ్డులో కోతి ముసలిదై చచ్చిపోతే, దాని తల వెనక నుంచి చింతగింజంత మెదడు తీసి మందునీళ్ళలో నానబెట్టేవాడు. తరువాత వెండి కలిసిన నీళ్ళలో వేసి చీకటి అల్మారాలో పెట్టేవాడు. కొన్ని దినాలు పోయినాక తీసి, కత్తి మిషను మీద వెంట్రుక మందాన కోసి, గాజుపలకల మీద వరసగా అంటించి నెంబర్లు వేసేవాడు. ఒకటో ముక్క, రెండో ముక్క, అట్లా.

ఆ వెండి గుణం చిత్రమైనది. ముక్కలో వేలకు వేల కణాలున్నా వందకు ఒకటో రెండో నల్లబడతాయి. నల్లబడిన కణం మాత్రం మొత్తం నల్లబడుతుంది. ఒళ్ళు, కొమ్మలు, కొమ్మల మీద ముళ్ళు, అన్నీ. మిగతావి గాజులో గాజులాగా ఉండిపోతాయి.

"ఏది నల్లబడాలో ఎవరు చెప్తారు?" అని యాదగిరిని అడిగినాను.

"నేనే చెప్త. పొద్దుగాల వచ్చి హాజరు పిలుస్త," అన్నాడు. తరువాత మామూలుగా, "ఎవ్వరికీ ఎరకలేదన్నా. వెండికి ఎవరు నచ్చితె వాళ్ళు," అన్నాడు.

"అన్నీ నల్లబడితే బాగుండును. అన్నీ గీసేద్దుము."

"అన్నీ నల్లబడితే ఏం కనబడ్తది? నలుపు కనబడ్తది."

మూడు నెలలూ నేను చేసిన పని ఒకటే. మైక్రోస్కోపులో ఒకే కణాన్ని చూడటం. సాయంత్రం మేడమ్ ఒకే ప్రశ్న అడిగేవారు.

"ఏం కనిపించింది?"

"చెట్టు మేడమ్. వేర్లు కిందికి, కొమ్మలు పైకి."

"అక్కడ చెట్టు లేదు. మళ్ళీ చూడు."

మరుసటి దినం సాలెపురుగు అన్నాను. ఇంకొక దినం తేలు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి తన పనిలో పడిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది.

"ఏనుగు జెప్పినవా?" అని యాదగిరి అడిగేవాడు. "రేపు ఏనుగు జెప్పు. అదొక్కటే మిగిలింది."

ఒక సాయంత్రం విసుగు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేసినాను. "నల్ల మచ్చ. దానికి ఏడు గీతలు. ఆరు లావు, వాటికి ముళ్ళున్నాయి. ఏడోది సన్నం, దానికి ముళ్ళు లేవు. పైకి పోతోంది."

"రేపు కాగితం తెచ్చుకో," అన్నారు.

మైక్రోస్కోపుకు పక్కన అద్దం బిగించి ఉంటుంది. దానిలోంచి చూస్తే గాజు మీది కణమూ, కాగితం మీది మన చెయ్యీ ఒకేచోట కనిపిస్తాయి. కణం మీదే గీస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి కుదరడానికి ఎవరికైనా ఆరు నెలలు పడుతుందన్నారు. నాకు ఆరు దినాలు పట్టింది. గొప్ప కోసం రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

చూపు మెదడులో ఆరు పొరలుంటాయి. కంటి నుంచి వచ్చే తీగలు ఎక్కువగా నాలుగో పొరలో దిగుతాయి. ఆ పొరలో చిన్న చిన్న కణాలుంటాయి, చుట్టూ ముళ్ళకొమ్మలు. ప్రతి కణానికీ ఒక సన్న తీగ. అది ఎక్కడికి పోయి ఎవరిని తాకుతుంది? మేడమ్‌కు కావాల్సింది అది.

అట్లాంటి కణాన్ని ఒకదాన్ని పట్టుకున్నాం. దాని సన్న తీగ వెంట పడి ఐదు నెలలు గీసినాను. ఒక ముక్కలో తీగ ముక్క అడుగుకు పోయి మాయమవుతుంది. తరువాతి ముక్కలో సరిగ్గా ఆ చోటే మొదలవ్వాలి. మొదలైతేనే అది మన తీగ. అట్లా ఇరవై ఏడు ముక్కలు నడిచినాం. ఇరవై ఏడో ముక్కలో తీగ రెండో పొర వైపు తిరిగి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదో ముక్కలో ఆ చోట ఏమీ లేదు. పక్కగా మూడు తీగల మొదళ్ళున్నాయి. మూడూ నల్లవే, మూడూ సన్నవే.

మేడమ్ మూడు దినాలు ఆ రెండు ముక్కలే చూసినారు. తరువాత నా పటం మీద, తీగ ఆగిన చోట, ఎర్ర పెన్సిలుతో చిన్న అడ్డగీత పెట్టినారు. ఇక్కడి దాకా చూశాం, ఆ పైన తెలియదు అని ఆమె పెట్టుకున్న గుర్తు అది.

"ఇట్లాగే సిరాతో వేసెయ్," అన్నారు.

"తెగిపోయి ఉంది మేడమ్."

"అవును, తెగిపోయే ఉంది."

"ఇట్లా ఇస్తే మా నాయన చింపేస్తాడు."

"మీ నాయన ఇరవై ఎనిమిదో ముక్క చూశాడా?"

పటం సిరాతో వేసినాను. ప్రతి దినం వచ్చీరాగానే ఆ తెగిన చోటుకే పోయేవి నా కళ్ళు. పంట్లో ఇరుక్కున్న పీచులాగా ఉండేది నాకు.

ఆ నెలలోనే డైరెక్టరు మేడ మీదికి వచ్చినాడు. ఆయన పేరుకు నేను గారు తగిలించను, కాబట్టి పేరే రాయను.

ఆయన అప్పటికే ఒక వ్యాసం రాసి ఉన్నాడు. నాలుగో పొర కణం తీగ తిన్నగా పైకి పోయి, రెండో పొరలో ఉండే ఫలానా కణాన్నే తాకుతుందని. పై నెల బయటి దేశాల నుంచి పెద్దవాళ్ళు సభకు వస్తున్నారు. గోడ మీద మనిషెత్తు పటం పెట్టాలని ఆయన కోరిక. నా పటం మీద వంగి, ఎర్ర గుర్తు మీద వేలు పెట్టినాడు.

"ఇదేమిటి, ఇక్కడ ఆగిపోయింది?"

"ముక్క అయిపోయింది," అన్నారు మేడమ్.

"తరువాతి ముక్కలో ఉంటుందిగా."

"మూడున్నాయి."

"నడిమిది నేను చెప్పిన కణం దగ్గరికే పోతోంది కదా."

"పోతున్నట్టే ఉంది."

"మరి కలపండి."

"చూడలేదండి."

ఆయన నవ్వినాడు. "సువార్తమ్మా, మీరు ఇలా కూర్చుంటే మీకన్నా ముందు ఆ కోతే పేపరు రాసేస్తుంది."

"రాయనివ్వండి. చదువుతాను," అన్నారు ఆమె.

ఆయన మెట్లు దిగుతూ నన్ను చెయ్యి ఊపి పిలిచినాడు. మెట్ల మలుపులో నిలబెట్టి చెప్పినాడు. "చిత్రకారుడి పోస్టు ఒకటి వచ్చింది. పర్మనెంటు. పదో తరగతి పాసై ఉండాలి, నీకు లేదు. సడలించడం నా చేతిలో పని. గురువారం పదకొండింటికి కమిటీ. పటం పూర్తి చేసి పట్టుకురా." రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "పూర్తి అంటే తెలుసుగా?" అన్నాడు.

తెలుసు. ఆ పోస్టు నాకు ఎంత కావాలో ఆయనకూ తెలుసు. మా వంశంలో బట్ట వదిలి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాళహస్తిలో మావాళ్ళందరూ, వీడు దేవుళ్ళను మాని కోతులను గీయడానికి పోయినాడని నవ్వుకుంటున్నారు. మా నాయన నాకు జాబు రాయించడం మానేసినాడు. కూలివాడిగా తిరిగిపోతే ఆ నవ్వు నిజమవుతుంది. చిత్రకారుడని సర్కారు ముద్ర ఉన్న కాగితం పట్టుకుపోతే అందరి నోళ్ళూ మూతపడతాయి. నాకు ఆ కాగితం కావాలి.

బుధవారం మేడమ్ సెలవు. వాళ్ళ చర్చిలో ఎవరిదో పెళ్ళి. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఎర్ర గుర్తును రబ్బరుతో తుడిచేసినాను. కలం ముంచి, ఊపిరి బిగబట్టి, ఆగిన చోట నుంచి నడిమి తీగ మొదలు దాకా, అక్కడి నుంచి రెండో పొర కణం ఒంటి దాకా, చెయ్యి ఎత్తకుండా లాగినాను.

అంత మంచి గీత నా జన్మలో వేయలేదు. పాతది ఎక్కడ అయిపోయిందో కొత్తది ఎక్కడ మొదలైందో వేసినవాడికే తెలియలేదు. మా నాయన చూసి ఉంటే ఒక్క మాట కూడా అనేవాడు కాడు. ఆయనకు అదే మెచ్చుకోలు.

గాజుపలకలు తీసుకుపోవడానికి యాదగిరి వచ్చి పటం ముందర ఆగినాడు.

"అన్నా, గీ తీగ మొన్న లేకుండె గద?"

"ఉంది. నువ్వు చూడలేదు."

"కోసినోణ్ణి నేనన్నా," అన్నాడు. పలకల పెట్టె తీసుకుని పోయినాడు.

సాయంత్రం డైరెక్టరు వచ్చి, చూసి, నా భుజం తట్టి పోయినాడు.

గురువారం పొద్దున మేడమ్ తొమ్మిదిన్నరకు వచ్చినారు. చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పటం ముందర కూర్చున్నారు. కాసేపు చూసినారు. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. తిరిగి అరవడం నాకు బాగా వచ్చు.

"ఇది ఏ ముక్కలో చూశావు?" అన్నారు.

"ముక్కలో లేదు మేడమ్. అయినా అది అక్కడికే పోవాలి."

"డైరెక్టరు చెప్పాడా?"

"ఆయన చెప్పినందుకు కాదు." అది సగం నిజం. మిగతా సగం గట్టిగా చెప్పినాను. "గీత నడక చూస్తే నాకు తెలుస్తుంది. మూడు తరాలుగా గీస్తున్నాం. గీత ఎటు పోతుందో నా చేతికి ముందే తెలుస్తుంది. మైక్రోస్కోపు సంగతి మీకు తెలుసు. గీత సంగతి నాకు తెలుసు."

ఆ మాట తప్పు. తప్పని అరగంటలో తెలిసింది. కానీ గురువు ముందర నా మనసులో ఉన్నదే అన్నాను కాబట్టి సిగ్గుపడను.

ఆమె ఒక తెల్ల కాగితం తీసుకున్నారు. ఎడమ పక్క చిన్న ఇంటూ గుర్తు వేసినారు. దానికి కుడి పక్క బెత్తెడు దూరంలో లావుపాటి నిలువు గీత గీసినారు. గీత మధ్యలో, ఇంటూకు సరిగ్గా ఎదురుగా, చిటికెన వేలంత ఖాళీ వదిలినారు.

"ఎన్ని గీతలు?"

"రెండు. పైన ఒకటి, కింద ఒకటి."

"మధ్యలో?"

"ఏమీ లేదు."

"వేలు పెట్టి చూడు."

పెట్టినాను. చిటికెన వేలు సరిగ్గా పట్టింది.

"కాగితం చెయ్యి చాచి పట్టుకో. ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితో ఇంటూనే చూడు. గీత పక్కన ఉంటుంది, దాని వైపు చూడకూడదు. ఇప్పుడు మెల్లగా దగ్గరికి తెచ్చుకో."

తెచ్చుకున్నాను. మోచెయ్యి వంగేదాకా గీత తెగే ఉంది. ఆ పైన ఒకచోట ఖాళీ మూసుకుపోయింది. పై నుంచి కింది దాకా నిండుగా ఒకటే గీత.

"ఎన్ని?" అన్నారు.

"ఒకటి."

రెండో కన్ను తెరిచినాను. ఖాళీ ఉంది. మూసినాను. ఖాళీ లేదు. కాగితంలో ఏదో మాయ ఉందనిపించి దాన్ని పక్కన పడేసినాను. నా కలం తీసుకుని నా కాగితం మీద నేనే ఇంటూ వేసి, నేనే గీత వేసి, మధ్యలో నేనే తెంచినాను. ఎడమ కన్ను మూసి దగ్గరికి తెచ్చుకున్నాను.

నా చేత్తో తెంచిన గీత నా కంటి ముందర కలుసుకుంది. చక్కగా కలుసుకుంది. అతుకు కనిపించలేదు. పొద్దున్నే ఎవరో మంచి పనివాడు వచ్చి వేసిపోయినట్టుంది.

"కనిపిస్తోంది మేడమ్. నిజంగా ఉన్నట్టే కనిపిస్తోంది."

"కనిపిస్తుంది. ఎవరు కలిపారు?"

నేను కాగితం వైపు చూసినాను. ఆమె లేచి నా వెనకకు వచ్చినారు. రెండు వేళ్ళతో నా తల వెనక, మెడకు కొంచెం పైన, ఒకసారి తట్టినారు. యాదగిరి కోతి తలలో నుంచి చింతగింజంత తీసే చోటు అది.

తరువాత గ్లాసు తీసుకుని టీకి పోయినారు. పటం సంగతి ఏమీ అనలేదు. కమిటీ సంగతి అనలేదు.

గడియారంలో పది దాటింది. నేను పటం ముందర కూర్చున్నాను. నిన్న వేసిన గీతను చూసినాను. అది మంచి గీత. మంచి గీత కాబట్టే దాన్ని ఇంకొకసారి చూడబుద్ధి కాలేదు.

సిరా పడిన మందపాటి కాగితం మీద గీత తీయాలంటే సగం బ్లేడుతో గీరాలి. గట్టిగా గీరితే కాగితం చిరుగుతుంది, మెల్లగా గీరితే నలుపు పోదు. గీరినాక గోటితో రుద్ది నున్న చేయాలి. ఒక్క ఊపులో వేసినదాన్ని తీయడానికి అరగంట పట్టింది. చివర ఎర్ర పెన్సిలు తీసుకుని అడ్డగీత నేనే పెట్టినాను.

పదకొండింటికి పటం చంకన పెట్టుకుని కిందికి పోయినాను. బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉన్నారు. నడుమ డైరెక్టరు. నాకు కుర్చీ చూపించలేదు. పటం పరిచినాను.

"తీగ ఏది?" అన్నాడు డైరెక్టరు.

"ఇరవై ఏడో ముక్క దాకా ఉంది సార్."

"నిన్న సాయంత్రం నా కళ్ళతో చూశాను. పై దాకా ఉంది."

"నిన్న ఉన్నది నాది సార్. కోతిది కాదు."

చివర కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేక దగ్గినాడు. డైరెక్టరు చెవులు ఎర్రబడినాయి.

"ఏం చదువుకున్నావు నువ్వు?"

"ఎనిమిది తప్పినాను."

"ఎనిమిది తప్పినవాడివి, మెదడులో తీగ ఎక్కడికి పోతుందో నువ్వు తేలుస్తావా?"

"నేను తేల్చలేను సార్. అందుకే గీరేసినాను."

"ఆమె గీరమందా?"

"ఆమె ఏమీ అనలేదు. టీకి పోయినారు."

ఆయన ఒక కాగితం తీసి బల్ల మీద నా వైపు తిప్పినాడు. ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు నాకు రాదు. చెంగల్రాయుడు అనే నా పేరు ఇంగ్లీషులో ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు. అది ఉంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"అరగంట టైమిస్తాను. వరండాలో కూర్చుని ఆ గీత మళ్ళీ వేసుకురా. సంతకం పెట్టి నీ చేతికిస్తాను."

ఆ కాగితం నేను ఎంతసేపు చూసినానో చెప్పలేను. మా నాయన మొహం కనిపించింది. ఊళ్ళో నవ్వేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కనిపించినాయి.

"వేయను సార్," అన్నాను.

"ఏమన్నావు?"

"చూడనిది వేయను."

పటం చుట్టుకుని, పొమ్మని వాళ్ళు అనకముందే బయటికి వచ్చేసినాను.

పోస్టు ఇంకొకాయనకు వచ్చింది. పది పాసైనవాడు. నా పటాన్ని ఆయన చేత పెద్దగా వేయించి, తీగను పై దాకా కలిపించి, సభ గోడకు తగిలించినారు. అడుగున మేడమ్ పేరు రాసినారు. సభ మొదలయ్యే ముందు ఆమె నా దగ్గర సగం బ్లేడు అడిగి తీసుకున్నారు. హాల్లోకి పోయి, కుర్చీల్లో జనం కూర్చుంటుండగా, గోడ ముందర వంగి తన పేరు గీరేసినారు. మెల్లగా, కాగితం చిరగకుండా గీరినారు. గోటితో రుద్దినారు కూడా.

ఆ కమిటీ ముగ్గురిలో ఒకాయన పోయినాడు. ఇద్దరున్నారు. ముగ్గురినీ నేను క్షమించలేదు.

మేడమ్ ఉన్నంత కాలం నన్ను ఎవరూ తీయలేకపోయినారు. రోజుకూలి మీదే ఇంకో నాలుగేళ్ళు చేసినాను. ఆమె రిటైరైన నెలలోనే నన్నూ పొమ్మన్నారు. ఆమె కావలి పోయినారు, నేను కాళహస్తి పోయినాను. నవ్వేవాళ్ళు నవ్వినారు. మా నాయన మాత్రం నవ్వలేదు, మాట్లాడలేదు. బట్ట పరిచి కలం నా ముందర పెట్టినాడు.

ఎనిమిదేళ్ళ తరువాత యాదగిరి పెళ్ళాం బిడ్డలతో రాహుకేతు పూజకని మా ఊరికి వచ్చినాడు. మా ఇంట్లోనే దిగినాడు. అన్నం ముందర కూర్చుని చెప్పినాడు.

"అన్నా, నీ తీగ దొరికిందట."

"ఏ తీగ?"

"గదే, నువ్వు గీరేసింది. బయటి దేశంల ఒక్కొక్క కణంల సూదితోటి రంగు ఎక్కించి చూసిన్రట. తీగ ఎక్కడ్దాక పోతే అక్కడ్దాక రంగు పోతది. నాలుగో పొర తీగలు మీది పొరలకే పోతున్నయట. డైరెక్టరు చెప్పిందే నిజమైందని ఆయనకు శాలువా కప్పిన్రు. నేనే కుర్చీలు మోసిన."

రాత్రంతా ఆ గీతే కళ్ళలో ఉంది.

తెల్లవారి రైలెక్కి కావలి పోయినాను. మేడమ్ చెల్లెలి ఇంటి వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, "రా చెంగల్రాయా, కూర్చో," అన్నారు. మంచినీళ్ళు తెప్పించినారు. యాదగిరి చెప్పింది మొత్తం చెప్పినాను. గొంతు పెద్దదైపోయింది.

"నేను వేసిన గీత సరైనదే మేడమ్. అట్లాగే ఉంచి ఉంటే పోస్టు వచ్చేది. మా నాయన బతికుండగా ఆ కాగితం చూపించేవాణ్ణి. ఆయనకు శాలువా కప్పినారు. మనకేం మిగిలింది?"

ఆమె చేతిలో ఉన్న గింజ తీసి పక్కన పెట్టినారు.

"వాళ్ళు చూశారా?"

"చూసినారంట. తీగ తీగా చివరి దాకా."

"సంతోషం," అన్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని నా మొహంలోకి తిన్నగా చూసినారు. "చూసినవాళ్ళు గీస్తారు నాయనా. మనం చూడలేదు."